సేటు పక్కన మూడో మనిషి

మదనపల్లె బట్టల సేటు రాయిస్తున్న జైన గ్రంథానికి, పుంగనూరులో తన ఇంట్లో కూర్చుని శోభ ఆ రాత్రి ఆఖరి బొమ్మ ముగించింది. బొమ్మలో మహావీరుడి పాదాల దగ్గర సేటూ ఆయన భార్యా చేతులు జోడించి కూర్చున్నారు. రాయించినవాళ్లకే అక్కడ చోటు. గీసినవాళ్లకు ఎన్నడూ లేదు.

కుంచె కడిగి వచ్చేసరికి వాళ్ల పక్కన ఇంకో ఆడమనిషి ఉంది. రంగు ఇంకా ఆరలేదు. ముక్కుపుడక శోభదే, చీరా శోభదే.

"ఏమయ్యా, బొమ్మను ముట్టుకుంటివా?"

"నేను పండుకోనుండాను గదా," అన్నాడు మొగుడు మునిరాజ, లోపలి గదిలోంచి.

ఈ జైన బొమ్మల్లో ముఖం పక్కకు తిరిగున్నా, రెండో కన్ను ముఖం దాటి బయటికి పొడుచుకొస్తుంది. బొమ్మలోని ఆ ఆడమనిషికి ఆ కన్నొక్కటే లేదు.

వెనక, నీళ్ల గిన్నెలో ఎవరో కుంచె ముంచిన చప్పుడైంది.

శోభ తల తిప్పలేదు. నవ్వుతూ చెయ్యి వెనక్కి చాపింది.

"ఇట్ల ఇయ్యి. నా కన్ను నేనే పెట్టుకుంటా."

తడి కుంచె ఆమె అరచేతిలోకి వచ్చింది.