ఏడో సూచన

ఇనుప కమ్మీ ఇక్కడే ఉండాలి. చెయ్యి చాపితే గాలి తగిలింది.

ఆమె గభాల్న చెయ్యి వెనక్కి లాక్కుంది. కొండ అంచు వెంబడి కమ్మీ ఉన్నంతవరకే దారి. కమ్మీ లేదంటే దారి తప్పినట్టే. పావుగంట క్రితం ఎండ కాసిన చోట ఇప్పుడు పొగమంచు గోడ కట్టేసింది. కళ్లజోడు తీసి శాలువా కొసతో తుడిచి పెట్టుకుంది. పెద్ద తేడా ఏమీ లేదు. తన కాళ్లే తనకు కనిపించడం లేదు.

బెంచీ మీద మర్చిపోయిన చేతికర్ర కోసం వెనక్కి వచ్చింది. ఎంతసేపు, ఇలా వెళ్లి అలా వచ్చేయడమే కదా అనుకుంది. కర్ర దొరికింది. దారి పోయింది.

పెద్దల విహారయాత్ర బస్సు కింద మలుపులో ఆగి ఉంది. ఇక్కణ్నుంచి నూట నలభై మెట్లు. డ్రైవరు పొద్దున్నే అందరికీ వినబడేలా చెప్పాడు.

"నాలుగింటికి ఘాట్ రోడ్డు గేటు వేసేస్తారు. ఆ తర్వాత కాళ్లు పట్టుకున్నా తీయరు. తెల్లవార్లూ ఈ చలిలో పడుండాల్సిందే. ఎవరు రాకపోయినా నా బండి ఆగదు, ముందే చెప్తున్నా."

చేతిగడియారం ముక్కుకు ఆనించుకుని చూసింది. మూడూ పదిహేను.

మూడింటి మాత్రలు! అవి భుజాన వేలాడే సంచిలో ఉన్నాయి. నీళ్లు బస్సులో ఉన్నాయి. బీపీ మాత్ర వేళ తప్పితే కళ్లెలా తిరుగుతాయో మొన్నటి ఊళ్లోనే తెలిసొచ్చింది.

బస్సులో ప్రతి సీటు వెనకా అతికించిన కాగితం గుర్తొచ్చింది. 'పెద్దల ప్రయాణానికి పది సూచనలు.' రోజూ బస్సు కదిలే ముందు దాన్ని పైకి చదవడం ఆనవాయితీ. ఆరు రోజులకే ఆమెకు కంఠతా వచ్చేసింది. ఒంటరిగా ఎక్కడికీ వెళ్లకండి. మీ జతవారికి చెప్పకుండా కదలకండి. ఫోను ఎప్పుడూ దగ్గరే ఉంచుకోండి.

ఒంటరిగానే వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. ఫోను బస్సులో చార్జింగులో ఉంది. ఇక జతంటారా, బస్సులో అందరికీ ఉంది, ఆమెకే లేదు.

అన్నయ్య మాట వినాల్సింది.

"ఈ వయసులో ఇంటిపట్టున ఉండక ఊళ్లమ్మట తిరుగుడేంటే? నీకేమన్నా అయితే నలుగురూ నన్నంటారు" అన్నాడు బయల్దేరే ముందు.

"అంతా పెద్దవాళ్లే కదా అన్నయ్యా. మెల్లగా నడవడం, పెందలాడే పడుకోవడం. భయమేముంది?"

భయమేముందో ఇప్పుడు తెలుస్తోంది.

కర్రతో తడుముకుంటూ ఒక అడుగు వేసింది. రెండో అడుగు కింద రాయి కదిలింది. ఆమె వెనక్కి పడింది, రాయి ముందుకు దొర్లింది. అది కింద పడ్డ చప్పుడు కోసం చెవులు రిక్కించింది. ఎంతకీ వినపడలేదు.

పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంకొక్క అడుగు వేసి ఉంటే ఆ రాయి వెంట తనూ వెళ్లేది. మోచెయ్యి చెక్కుకుపోయి మండుతోంది. కర్రను రెండు చేతులా కావలించుకుని కూర్చుంది. ఏడుపొచ్చింది. చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి సిగ్గుపడకుండా ఏడ్చింది.

ఏడుస్తుంటేనే ఏడో సూచన గుర్తొచ్చింది. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగకండి. ఉన్నచోటే కూర్చోండి. మూడుసార్లు ఈల ఊదండి.

యాత్రలో అందరి మెడలోనూ ఉన్నట్టే ఆమె మెడలోనూ ప్లాస్టిక్ ఈల ఉంది. నోట్లో తడి ఆరిపోయి మొదటిసారి ఉత్త గాలే వచ్చింది. పెదాలు తడుపుకుని మళ్లీ ఊదింది. మూడుసార్లు. ఆగి, మళ్లీ మూడుసార్లు.

జవాబు లేదు. మూడూ నలభై అయింది.

కింద ఎక్కడో బస్సు స్టార్టయిన చప్పుడు. వెళ్లిపోతున్నారు. తనను లెక్కపెట్టుకునే దిక్కెవరు, ఎవరి తొందర వాళ్లది.

ఇంజను ఆగిపోయింది.

తర్వాత మంచులోంచి ఒక ఈల. దాని వెనకే ఇంకోటి. ఆ తర్వాత లెక్కలేనన్ని.

"కదలకమ్మా! ఎక్కడున్నావో అక్కడే ఉండు" అని ఎవరిదో గొంతు.

"ఇక్కడున్నా. ముందంతా లోయే ఉంది."

"తెలుసు. నువ్వు ఊదుతూ ఉండు, ఆ చప్పుడు పట్టుకుని వస్తాం."

ఊదింది. ఊపిరి చాలనప్పుడు ఆగి, భయమేసి మళ్లీ ఊదింది. గొంతులు దగ్గరవుతున్నాయి. "కుడికి ఒత్తుకోండి." "ఎవరూ చెయ్యి వదలొద్దు." "మెల్లగా, మెల్లగా."

వెచ్చటి చెయ్యి ఒకటి భుజం మీద పడింది. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఎంత ఊరుకోబెట్టినా ఆ చేతిని మాత్రం వదల్లేదు.

చెయ్యీ చెయ్యీ పట్టుకుని మంచులో వరసగా నిలబడ్డ పదహారు మంది ముసలివాళ్లలో అందరికన్నా ముందున్న ఎనభయ్యేళ్ల పెద్దావిడ వెనక్కి తిరిగి, "దొరికిందర్రా మన గైడు, ఇరవై రెండేళ్లు కూడా నిండని పసిది, నేను మర్చిపోయిన కర్ర కోసం వచ్చి బొత్తిగా హడలిపోయింది, ఇకనుంచి కాస్త మనమే కనిపెట్టుకుని ఉండాలి" అంది.