అల్లుడి తొలి పరుగు

“లేయగాకు. అట్లే వెనక్కి ఆనుకో,” అన్నాడు స్కూటరు దిగిన పెద్దాయన, గురుప్రసాద్ రొమ్ము మీద అరచెయ్యి అదిమిపెట్టి.

నాకేం కాలేదని చెప్పబోయాడు గురుప్రసాద్. నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. ఆళ్లగడ్డలో ఇళ్లు కూడా దాటకుండానే రోడ్డు పక్కన కల్వర్టు గోడకు చేరగిలబడి, కొలిమి తిత్తిలా ఎగరొప్పుతున్నాడు.

జరిగింది చిన్న సంగతే. నంద్యాలలో అతను వెళ్లే జిమ్ములో అతనంత బరువెత్తే మొనగాడు లేడు. చొక్కా చేతులు వదులు చేయించుకుని తొడుక్కునే మనిషి. నిన్న ఈ ఊళ్లోని అత్తగారింట్లో భోజనాల దగ్గర, నంద్యాలలో పెట్టబోయే పరుగు పోటీకి పేరిచ్చానని భార్య పూజిత చెప్పింది. నేనూ వస్తానన్నాడు. బరువులెత్తడం వేరు, పరిగెత్తడం వేరు, నీ వల్ల కాదని ఆమె నవ్వింది. మామగారు మజ్జిగ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకి రాత్రంతా నిద్ర పట్టలేదు. పూజిత లేవకముందే రోడ్డెక్కి, కుక్క తరిమినట్టు లగెత్తాడు. కాళ్లు ఇంకా పోదామనే అంటున్నాయి, ఊపిరే ఒప్పుకోలేదు.

పెద్దాయన పేరు వెంకటేశ్వర్లు. బజార్లో కిరాణా అంగడి. అంగడి తీయడానికి పోతూ ఇతన్ని చూసి ఆగాడు.

“టీవీలో చూడలేదా అప్పా? జిమ్ముకు పోయేటోల్లే ఉన్నట్టుండి పడిపోతాండారు. ఆస్పత్రికి పోదాం పా.”

“నాకేం... కాలేదు... పెద్దాయనా.”

“మాట గూడా రాకుండా అయిపాయె. గమ్మునుండు.”

రెక్క పట్టుకుని లేపి స్కూటరు మీద వెనక కూర్చోబెట్టాడు. గురుప్రసాద్‌కి విదిలించుకునే బలముంది, విదిలించుకోవడానికి ఊపిరి లేదు. బజారు ముందరి ఎత్తు ఎక్కలేక స్కూటరు ఆగిపోయింది. దిగుతానంటే వెంకటేశ్వర్లు దిగనివ్వలేదు. కదిలితే గుండెకు మంచిది కాదట. అతన్ని కూర్చోబెట్టే, తాను పక్కన నడుస్తూ బండిని తోసుకుంటూ పోయాడు. కొండలాంటి మనిషి బండి మీద, ఎండుపుల్లలాంటి ముసలాయన నేల మీద. టీ అంగడి దగ్గర గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి. ఎవరితను అని ఒకరడిగితే, రాజేశ్వరమ్మ అల్లుడని ఇంకొకరు చెప్పారు. గురుప్రసాద్ తల దించుకున్నాడు. అత్తగారి పేరు కూడా బజారుకెక్కింది.

డాక్టర్ లూదియా ఆస్పత్రి మేడ మీద ఉంది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి గురుప్రసాద్‌కి ఊపిరి పూర్తిగా కుదుటపడింది. నడవగలనని చెప్పాడు. వెంకటేశ్వర్లు వినలేదు. అతని చెయ్యి తన భుజం మీద వేసుకుని, ఆ బరువంతా మోసుకుంటూ ఎక్కించాడు.

లూదియా అతన్ని పడుకోబెట్టి, రొమ్ముకు వైర్లు తగిలించి పరీక్ష చేసింది. గుండె గుర్రంలా ఉందని చెప్పింది. కండలకు బలముందిగానీ పరుగుకు ఊపిరి ఇంకా అలవాటు పడలేదనీ, మొదటిరోజే అంత జోరుగా పోకూడదనీ, పక్కమనిషితో మాట్లాడగలిగేంత నిదానంగా కాసేపు పరిగెత్తి, కాసేపు నడవాలనీ వివరించింది. చొక్కా గుండీలు పెట్టుకుంటున్న గురుప్రసాద్‌కి ఒళ్లు మండిపోతోంది. ఇడ్లీలు పొయ్యి దిగకముందే ఈ కబురు పూజితకు చేరిపోతుంది. మామగారు ఈసారి గ్లాసు కూడా అడ్డం పెట్టుకోడు.

వెంకటేశ్వర్లుకి మాత్రం నమ్మకం కుదరలేదు. స్టూలు మీద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, మిషను ఏమారిందేమో, ఇంకోసారి చూడమని డాక్టరును బతిమాలుతున్నాడు.

గురుప్రసాద్ ఇక ఆగలేకపోయాడు.

“ఆ మిషనేదో నువ్వే పెట్టించుకో పెద్దాయనా. నాకంటే నీకే చెమటలు కారిపోతాండాయి.”

వెంకటేశ్వర్లు రోషపడలేదు. పైగా ఆ ఆలోచన ఆయనకి నచ్చింది. తనకేమీ లేదని తనకు తెలుసు. అదే మాట మిషను కూడా చెబితే మిషను మంచిదేనని తేలిపోతుంది, అప్పుడు తానూ నిశ్చింతగా అంగడికి పోవచ్చు. చొక్కా విప్పి మంచమెక్కాడు. లూదియా నవ్వుకుంటూనే వైర్లు తగిలించింది. గురుప్రసాద్ చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. ఈ పొద్దున మొదటిసారి అతనికి కాస్త హాయిగా ఉంది.

మిషనులోంచి కాగితం బయటికి వచ్చింది. లూదియా దాన్ని చూసింది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి మళ్లీ చూసింది. లేవబోతున్న వెంకటేశ్వర్లు భుజం పట్టి మెల్లగా పడుకోబెట్టి, నర్సును కేకేసి, గురుప్రసాద్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

“గుండెపోటు ఈయనకొచ్చింది, ఇప్పుడే నంద్యాలకు తీసకపోవల్ల. అంబులెన్సు డ్రైవరు బస్టాండు కాడుంటాడు, ఫోనెత్తడు. పరిగెత్తు.”