ఎదురొచ్చిన మనిషి

మునిరామయ్య కుడికాలు గడప దాటించాడో లేదో, వీధిలో ఆ మనిషి ఎదురొచ్చాడు.

కింది పెదవి ఒక పక్కకు లాగేసినట్టుంది. అక్కడ చర్మం తెల్లగా, నున్నగా మెరుస్తోంది.

“ఆగయ్యా! కాలు ఎనక్కి తీసుకో,” అంది భార్య తిరుమలమ్మ. “మళ్లీ దాపరించినాడే ఈ పీడ!”

“జట్కా కాసుకోనుండాది మే.”

“ఉండనీ. నువ్వు పోయేది తిరనాళ్లకా? పెదివిలో సూదులు గుచ్చించుకునేదానికి. మూతి వంకరోడు ఎదురైతే ఇంకేమన్నా ఉండాదా?”

మునిరామయ్య కింది పెదవి మీద పుండు ఎన్నాళ్లకూ మానలేదు. రాచపుండని తిరుపతి డాక్టరు తేల్చాడు. మద్రాసు పెద్దాసుపత్రిలో పెదవిలోకి రేడియం సూదులు గుచ్చి కొన్నాళ్లు ఉంచుతారన్నాడు. ఆలస్యమైతే రోగం మెడకు దిగుతుందన్నాడు. పయనం రోజు కూడా ఆయనే పెట్టాడు.

ఆ రోజూ వీడే ఎదురొచ్చాడు. మునిరామయ్య లోపలికొచ్చి కాళ్లు కడుక్కొని, నీళ్లు తాగి, కాసేపు కూర్చొని లేచేసరికి రైలు పోయింది. డాక్టరు మరో రోజు పెట్టాడు.

ఆ మరో రోజు ఇదే.

“అమ్మా, నేను...” అంటూ ఆ మనిషి మెట్టు దగ్గరికొచ్చాడు. మాట ముద్దగా వస్తోంది.

“బిచ్చమైతే మధ్యాన్నం రాప్పా! పయనమప్పుడే రావల్లనా?”

“బిచ్చం కాదమ్మా. మద్రాసుకు...”

“ఓహో, నీ రైలు సార్జీ కూడా మేమే ఇయ్యల్లనా?”

“ఏం సెప్తాడో ఇందాం ఉండు మే,” అన్నాడు మునిరామయ్య.

“నువ్వా మూతిని సూడొద్దు!” ఆమె తలుపు వేసేసింది.

మూడోసారి దొడ్డిదారిన బయలుదేరారు. స్టేషన్లో అడుగుపెడితే, చేతిలో మూటతో వాడే! వీళ్లను చూసి నవ్వాడు కూడా.

“ఈడికీ వచ్చినాడా! గోవిందా, మా మీద నీకేం కోపమయ్యా?” తిరుమలమ్మ తల పట్టుకుంది.

“శకునమైతే ఇట్లా ఎంటబడి తిరుగుతాదా?” గొణిగాడు మునిరామయ్య.

“గమ్మున ఇంటికి రాయ్యా. మంచి రోజు సూసి పోదాం.”

ఆ మంచి రోజు వచ్చేలోపల మెడలో గడ్డ కట్టింది.

“ఇంక రేడియంతో అయ్యే పని కాదమ్మా,” అన్నాడు డాక్టరు. “మూడుసార్లు రోజు పెట్టినానే, ఎందుకు పోలేదు?”

“ఆ మూతి వంకరోడు సామీ! పోదామన్నప్పుడల్లా అడ్డమొచ్చినాడు,” ఏడ్చింది తిరుమలమ్మ.



“పయనం నిలిచిపోయిందన్నాడే గాని, మీరు తరిమినారని ఆయన ఒక్కసారీ చెప్పలేదు,” అన్నాడు డాక్టరు. “యుద్ధానికి ముందే, ఇదే పుండుకు అవే సూదులు పెట్టించుకొని, ఈనాటికీ చంద్రగిరిలో నిక్షేపంగా కుండలు చేసుకొని బతుకుతున్నాడమ్మా. ఆయన్ని చూస్తే మీకు ధైర్యమొస్తుందని, మద్రాసుకు తోడు పొమ్మని మూడుసార్లూ పంపింది నేనే.”