గోడ దాటిన ఏడుపు

“విన్నావా, వినలేదా? అది చెప్పు చాలు.”

నిచ్చెన మీద నిలబడి కప్పుకు రెల్లు పరుస్తున్న వుల్రిక్ కిందికి చూడలేదు. చూస్తే దొర మొహం చూడాలి.

“ఆ రోజు మీ ఇంటి కప్పు పనిలో ఉన్నాను దొరా. ఈనిన గొర్రెలు పక్క దొడ్లోనే అరుస్తూ ఉన్నాయి. పైగా గాలి. ఏం విన్నానని చెప్పమంటారు?”

“రేపు సభలో నిజం చెప్పు. అంతకన్నా అడగను.”

జోస్లిన్ దొర వచ్చిన దారినే నడిచి వెళ్ళాడు. అతను మలుపు తిరిగేదాకా ఆగి, వుల్రిక్ భార్య గున్నిల్డ్ గుమ్మం బయటికి వచ్చింది.

“పెళ్ళాం పోయి నెల తిరగలేదు. బిడ్డ ఏడ్చిందా, ఏడ్చిందా అని ఇంటింటికీ తిరుగుతున్నాడు. భూమి మీద ఎంత యావో!”

“నోరు ముయ్యవే, వినపడుద్ది.”

“వినపడనీ! నిన్న సాయంత్రమూ చూశాను. చర్చి కంచె బయట తల వంచుకుని అటూ ఇటూ ఒకటే నడక. ఎకరాలు కొలుచుకుంటున్నాడు కాబోలు.”

ఊళ్ళో అందరి మాటా అదే. జోస్లిన్‌కు సొంతంగా గజం నేల లేదు. సముద్రం అవతలి నుంచి కత్తి ఒక్కటీ పట్టుకుని వచ్చిన నార్మన్ సైనికుడు. అతని చేతిలో ఉన్న మూడు ఊళ్ళూ భార్య అమాబెల్‌వి. బిడ్డలు పుట్టకుండా భార్య పోతే ఆమె భూమి పుట్టింటివాళ్ళకు తిరిగి పోతుంది. కానీ బిడ్డ ప్రాణంతో పుట్టి ఒక్కసారి ఏడ్చి, ఆ ఏడుపు గోడ అవతల ఉన్న మగవాడు వింటే, ఆ బిడ్డ మరుక్షణమే పోయినా సరే, తండ్రి బతికున్నంతకాలం భూమి అతనిదే. ఆ రాజ్యంలో చట్టం అది.

అమాబెల్ ప్రసవంలోనే పోయింది. బిడ్డా దక్కలేదు. జోస్లిన్ అప్పుడు రాజుగారి పని మీద ఎక్కడో దూరాన ఉన్నాడు. తిరిగొచ్చేసరికి అన్నీ అయిపోయాయి. అప్పటి నుంచి ఆ పెద్ద బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని తింటున్నాడు. వంటవాడు అలవాటు కొద్దీ ఇద్దరికి వడ్డిస్తే, రెండో పళ్ళెం తీసెయ్యమని కూడా అనడు.

మర్నాడు రాజుగారి అధికారి జోస్లిన్ ఇంటి హాల్లో విచారణకు కూర్చున్నాడు. ఒట్టు వేసిన పన్నెండుమంది పెద్దలు ఎదుట బెంచీల మీద సర్దుకున్నారు.

“అమాబెల్ తండ్రి ఎవరు?”

“హ్యూ దొరండి.”

“హ్యూ తండ్రి?”

“రోజర్ దొర.”

“ఆయన తండ్రి?”

పెద్దలు మొహమొహాలు చూసుకున్నారు. అందరిలోకి ముసలివాడు గొంతు సవరించుకున్నాడు. “ఆయనా రోజరేనండి, పెద్ద రోజర్. విలియం రాజుతో పడవెక్కి వచ్చి ఎల్మ్‌స్టో, హాగ్‌బీ, వెదర్‌కోట్ మూడూ మా తాతల దగ్గర లాక్కున్నాడు.”

“లాక్కున్నాడు అనకు. పొందాడు.”

“అలాగేనండి. ఆయన పొందాడు, మావాళ్ళు పోగొట్టుకున్నారు.”

హాలంతా నవ్వింది. జోస్లిన్ నవ్వలేదు.

“ఇప్పుడు ఆ వంశంలో మిగిలింది?”

“నేను,” అంటూ ద్రోగో లేచాడు. అమాబెల్ పినతండ్రి కొడుకు. ఆమె బతికుండగా ఏనాడూ ఆ గడప తొక్కని మనిషి. “మా బావగారు బిడ్డ ఏడ్చిందంటారు. మంత్రసాని తప్ప విన్నవాళ్ళు లేరు. నిజంగా ఏడిస్తే, ఫాదర్ ఆ పసిగుడ్డును చర్చి కంచె బయట ఎందుకు పూడ్చారో అడగండి!”

ముసలి ఫాదర్ ఇబ్బందిగా లేచాడు. “నేను వెళ్ళేసరికి ఊపిరి లేదు. ఏడ్చిందని, తనే బాప్తిస్మం నీళ్ళు చల్లానని మంత్రసాని ఆల్డిత్ చెప్పింది. ఇంకెవరూ వినలేదన్నారు. ప్రాణంతో పుట్టి బాప్తిస్మం పొందితేనే కంచె లోపల పూడ్చాలి. ఒక్క ఆడమనిషి మాట పట్టుకుని...”

“కాన్పు గదిలోకి మగాళ్ళని పిలవమన్నారా, సాక్ష్యానికి?” వెనక నుంచి మంత్రసాని ఆల్డిత్ కేకేసింది.

“కూర్చో,” అన్నాడు అధికారి. “చట్టానికి నీ మాట పనికిరాదు. గోడ బయట విన్న మగవాడు ఉన్నాడా?”

వుల్రిక్ ద్రోగో వైపు చూశాడు. ద్రోగో గెలిస్తే తన గుడిసె లేచిపోతుంది. ఓడినా పగ మర్చిపోయే రకం కాదు. పక్కనే గున్నిల్డ్ మొగుడి చొక్కా పట్టుకుని కిందికి లాగింది. వుల్రిక్ ఆమె చెయ్యి విడిపించుకుని లేచాడు.

“ఆ రోజు దొరసాని గది కప్పు మీదే ఉన్నానండి. విన్నాను.”

“గొర్రెపిల్ల అయ్యుంటుంది!” అన్నాడు ద్రోగో.

“నేనూ బిడ్డల తండ్రినే దొరా. వినగానే కప్పు మీద ఒక్కణ్ణే నవ్వుకున్నాను. దొర ఊళ్ళో లేడే, ఆయనకి కబురెవరు చెబుతారా అనుకున్నాను. తర్వాత లోపల్నుంచి ఇంకేమీ వినపళ్ళేదు.”

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?” అడిగాడు అధికారి.

“భయమండి.”

ఎవరంటే భయమని అధికారి అడగలేదు. పన్నెండుమందీ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. ముసలివాడు లేచాడు.

“బిడ్డ ప్రాణంతో పుట్టింది. ఏడ్చింది. అదే మా మాట.”

“ఇక దాన్ని కాదనడానికి ఎవరికీ వీల్లేదు,” అన్నాడు అధికారి. “జోస్లిన్, నువ్వు బతికున్నంతకాలం మూడు ఊళ్ళూ నీవే.”

ద్రోగో చేతి తొడుగు తీసి బల్ల మీద కొట్టాడు. “కావలసింది దక్కిందిగా బావా!”

“ఇంకా లేదు,” అన్నాడు జోస్లిన్.

హాలు గొల్లున నవ్వింది. “మూడు ఊళ్ళూ చాల్లేదంట!” గున్నిల్డ్ పైకే అనేసింది. అధికారి మొహం చిట్లించాడు.

జోస్లిన్ ఎవరి వైపూ చూడకుండా, బెంచీలు దాటుకుంటూ నేరుగా ఫాదర్ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

“ఇప్పుడు బిడ్డను వాళ్ళమ్మ పక్కన పడుకోబెడతారా, ఫాదర్?”