ముందు వరసలో కుర్చీ

"ఆ కుర్చీలోంచి లేవండి హాజ్జా. అది మీకోసం వేసింది కాదు."

పెద్దావిడ కనుక హాజ్జా అంటూ ఉస్తాద్ వగ్దీ మర్యాదగానే అన్నాడు.

ముందు వరసలో, తెరకు ఎదురుగా ఉన్న కుర్చీ అది. దాని వీపుకు మల్లెదండ వేలాడుతోంది. ఆ దండను జాగ్రత్తగా పక్కకు జరిపి, మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది ఒక ముసలావిడ.

"ఎవరిది మరి?"

"బహీజా హానిమ్‌ది."

"ఆవిడ మొన్న చలికాలంలో పోయింది కదా."

"పోతే పోయింది. కుర్చీ ఆమెదే."

ముసలావిడ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఉస్తాద్ వగ్దీ అంటే మీరేనా?"

"నేనే. ముందు మీరు లేవండి."

అలెగ్జాండ్రియాలో అందరూ గౌరవంగా హానిమ్ అని పిలిచే సినిమా తార బహీజా రుష్దీ అభిమానులు ఏటా ఆమె పుట్టినరోజు మధ్యాహ్నం ఈ కాఫీ హోటల్ మేడ మీద చేరతారు. బస్బూసా మిఠాయి తింటారు. ఆమె పాత సినిమా ఒకటి వేసుకుని, తెర మీద ఆమె పలికే ప్రతి మాటా తామూ పలుకుతారు. ఒక్క మాట తడబడితే ఏడాదంతా ఎగతాళే. వెళ్ళేముందు ప్రతి ఒక్కరూ లావుపాటి పుస్తకంలో ఒక ముక్క రాయాలి.

ముందు వరసలో కుర్చీ వదిలే ఆచారం మాత్రం వగ్దీ పెట్టింది. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

తపాలా గుమాస్తాగా రిటైరైన ఆ బ్రహ్మచారి దగ్గర బహీజా హానిమ్ ఉత్తరాలు పదకొండున్నాయి. ఇరవయ్యేళ్ళ కిందట వచ్చిన ఆఖరిదాంట్లో ఆఖరి మాట ఇది: "ఏదో ఒకరోజు వస్తాను. నాకో కుర్చీ ఉంచండి."

ఆ మాట ఎవరికీ చెప్పలేదు. దాన్ని పట్టుకునే ఇన్నాళ్ళూ బతికాడు. ఆమె రాకుండానే పోయిందన్న సంగతి ఆయనకు ఇంకా మింగుడు పడలేదు.

"నేను ఆవిడ ఇంట్లో ముప్పై ఏళ్ళు పనిచేశాను" అంది ముసలావిడ మెల్లగా.

మంగలి బర్సూమ్ పకాలున నవ్వాడు.

"వచ్చిందండీ ఈ ఏటి చుట్టం. పోయినేడు వంటవాణ్ణంటూ ఒకడొచ్చాడు. అంతకుముందు డ్రైవర్నంటూ ఇంకొకడు. మీరేం పని చేశారు హాజ్జా?"

"కూర్చుని చేసే పనే."

"ముప్పై ఏళ్ళు కూర్చున్నారుగా, ఈ ఒక్కపూట నిలబడండి."

అందరూ నవ్వారు. వగ్దీ నవ్వలేదు.

"సరే, రైల్వే స్టేషన్ సీనులో హానిమ్ చివర ఏమంటుంది? చెప్పండి చూద్దాం" అన్నాడు.

అభిమానికి అదే పరీక్ష. అక్కడ పదేళ్ళ పిల్లకి కూడా వచ్చు.

"ఆవిడ సినిమాలు నేను పెద్దగా చూడలేదు ఉస్తాద్. తీరిక ఉండేది కాదు."

ఇంకేముంది, ఆవిడ సంగతి తేలిపోయింది.

ముసలావిడ లేచింది. దండను మళ్ళీ సరిగ్గా వేసి, వెళ్ళి వంటగది గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది.

సినిమా మొదలైంది. మేడ మీద అందరి పెదవులూ ఒక్కసారే కదిలాయి. ఆవిడ పెదవులు కదల్లేదు. తెర వైపు కాదు, వగ్దీ వైపే చూస్తూ కూర్చుంది.

సినిమా అయ్యాక వగ్దీ లేచి, జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"హానిమ్ పోయాక ఇది మొదటి పుట్టినరోజు. అందుకని ఈ ఒక్క ఉత్తరం మీకు చదివి వినిపిస్తాను. మా అమ్మ పోయినప్పుడు రాసింది, ఆఖరిది."

కాగితం విప్పి చదవసాగాడు.

"'మీ అమ్మ నాటిన నిమ్మ మొక్కకు నీళ్ళు మానకండి. మరీ ఏడుపొచ్చిన రోజు ఇంకో చెంబు ఎక్కువ పోయండి. ఇంట్లో ఒకరి మీద బెంగ పడటం సిగ్గుపడాల్సిన పని కాదు...'"

చదువుతూ తలెత్తిన వగ్దీకి గుమ్మం దగ్గర ముసలావిడ పెదవులు కదలడం కనిపించింది. ఏ ప్రార్థనో చేసుకుంటోంది కాబోలనుకున్నాడు. కుర్చీ మాట దాకా వచ్చేసరికి ఆగిపోయాడు. దాన్ని చదవకుండా కాగితం మడిచేశాడు.

ఆవిడ పెదవులు మాత్రం ఇంకాస్త కదిలి ఆగాయి.

జనం బయల్దేరారు. ముసలావిడ చడీ చప్పుడూ లేకుండా మెట్ల వైపు నడుస్తుంటే బర్సూమ్ అడ్డొచ్చాడు.

"పుస్తకంలో రాయకుండా వెళ్ళకూడదు హాజ్జా. ఆచారం."

"నేను రాయకపోతే ఏం పోయింది నాయనా?"

"రాయడం రాదా? నోటితో చెప్పండి, నేను రాసిపెడతా."

ఆవిడ నవ్వింది. కాసేపు తటపటాయించి కలం అందుకుంది. ఒక వరస రాసి, పుస్తకం మూసి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

అందరూ వెళ్ళాక వగ్దీ పుస్తకం తెరిచాడు. పేజీ అడుగున ఒక వరస, చివరికి వచ్చేసరికి మెట్టెక్కినట్టు పైకి పోయింది.

ఆ రాత ఆయనకు కొత్త కాదు. జేబులోని ఉత్తరం తీసి పక్కన పెట్టాడు. అవే అక్షరాలు. అలాగే పైకెక్కే వరస.

"కుర్చీ ఉంచారు, చూశాను. అది చాలు."

కింద పేరు లేదు.

వగ్దీ కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. సముద్రం రోడ్డు మీద జనం, బళ్ళు. ఆవిడ ఎక్కడా కనిపించలేదు.

హానిమ్ పేరుతో ఆ ఉత్తరాలు రాసిన మనిషి మాట తప్పలేదు. వచ్చింది, తన కుర్చీలో కూర్చుంది, ఆయనే లేపేశాడు.