రోలు జరిగిన చోటు

ఎండ పడుతోందని పొద్దున్నే సజ్జలు దంచే రోలుని గోడ వెంట నీడలోకి లాగాను. ఎంత తెలివితక్కువ పని!

మా చిన్నాడు బరావుకు పుట్టుకతోనే చూపు లేదు. గోడ తడుముకుంటూ వచ్చి, రోలు తగలగానే కుడికి తిరిగి, పన్నెండు అడుగులేస్తే నీళ్ల కుండ. అదీ వాడి లెక్క. ఇప్పుడలా తిరిగితే ఎదురుగా ఉండేది గట్టు లేని బావి.

గుర్తొచ్చి తలెత్తేసరికి వాడు వాకిట్లో పరుగెడుతున్నాడు, నేరుగా బావి వైపే.

"బరావూ, ఆగరా! అది బావిరా నాయనా!"

వాడు ఆగలేదు. నా చేతిలో చేట జారి సజ్జలు నేలపాలయ్యాయి.

బావికి రెండడుగుల దూరంలో నాలుకతో టక్కుమనిపించి, బావిలోంచి ఆ మోత తిరిగి రాగానే నిలబడ్డాడు. గిర్రున ఇటు తిరిగి చేతులు బార్లా చాచాడు.

"పది... పదకొండు..." అంటూ రోలు వైపు నుంచి వచ్చి వాళ్లక్క లారబా వాడి ఛాతీకి గుద్దుకుంది. దాని కళ్లకు, కత్సీనా సంతలో కొన్న నా తలగుడ్డ బిగించి ఉంది.

"జరగరా దొంగా! నేనూ నీలాగే గుడ్డిగా నడిచేశా, ఇంకొక్క అడుగే కుండకి. పందెం ఓడిపోతున్నావనేగా అడ్డమొచ్చావు?"

వాడు జరగలేదు. వగరుస్తూ నా గొంతు వినిపించిన వైపు ముఖం తిప్పాడు.

"నువ్వు రోలు లాగడం పొద్దున్నే విన్నానమ్మా. అక్కకి కళ్లున్నాయి కదా, చూసే ఉంటుందనుకున్నా."