దెబ్బ మానేదాకా

"బావ కింద కారులో ఉన్నాడు. అలిగింది చాలు, ఆ ఈస్టుకో దండం పెట్టి ఇంటికి బయల్దేరు," అన్నాడు అన్నయ్య, మా ల్యాబ్ గుమ్మంలోనే నిలబడి.

"వచ్చావు కదా, ఒకసారి చూసిపో," అని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. "రెండు రకాల ఈస్టు కణాలకీ ఒకే రేడియేషన్ కొట్టాను. ఏవి బతుకుతాయో చెప్పు."

మొదటి స్లైడులో కణాలు మొగ్గ తొడిగి, విడిపోకుండా అలాగే బిగుసుకుపోయాయి. రెండోదాంట్లో ఏమీ జరగనట్టు విడిపోయి, మళ్ళీ మొగ్గలు తొడుగుతున్నాయి.

"చెప్పేదేముంది, రెండోవే. దెబ్బ తగిలినా సర్దుకుని తమ పని తాము చేసుకుపోతున్నాయి. మొదటివి అలిగి కూర్చున్నాయి."

మొన్న ఇలాగే రేడియేషన్ కొట్టి పెంచిన ప్లేట్లు ఎడమచేత్తో తీసి ముందు పెట్టాను. సర్దుకుపోయినవాటి ప్లేటు బోసిగా ఉంది. అలిగినవాటి ప్లేటు నిండా తెల్లటి చుక్కలు పెరిగాయి.

"దెబ్బ మానేదాకా ఆగమని చెప్పడానికి ఒక జీన్ ఉంటుంది అన్నయ్యా. రెండోవాటికి నేనది తీసేశాను. ఆగడం తెలీక, తెగిన డీఎన్ఏతోనే విడిపోయి చచ్చాయి."

వచ్చినప్పట్నుంచీ చూడనట్టే ఉన్న నా కుడిచేతి కట్టు వంక ఇప్పుడు చూశాడు.

"మెట్లమీంచి పడ్డావని చెప్పాడు బావ," అన్నాడు నెమ్మదిగా.

"మా ఇంటికి మెట్లెక్కడున్నాయి? కిందికెళ్ళి ఆ మాటే ఆయన్నడుగు. నాకిక్కడ పనుంది."